గాయం అనే మాట ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మాటల పుట్టుకను వివరించే శీర్షికను నేను క్రమం తప్పకుండా చదువుతాను. క్రితం వారం అందులో ‘గాయం’ అనే మాటను గురించి రాస్తూ, గాయం శరీరానికి అయ్యేది కనుక శరీరమనే అర్థమున్న ‘కాయం’ నుంచే ఆ మాట పుట్టిందనీ, కకారం గకారంగా మారడం తెలుగులో మామూలేననీ చెప్పారు. వ్యాసం చివర, ‘గాయం తగిలింది’ అని రాయడం శుద్ధ తప్పనీ, ‘గాయమైంది’ అనే రాయాలనీ హెచ్చరించారు. మొదటిది సరికాదు. రెండోది ఈనాటి వాడుక వరకు సరైనదే గాని, ‘శుద్ధ తప్పు’ అనేంత మాట అనే ముందు గాయం మనలోకి ఏ దారిన వచ్చిందో ఒకసారి చూడవలసింది. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి, నేనూ ఒకప్పుడు ఇదే దిద్దుబాటు చేసినవాణ్ణి కాబట్టి, ఉత్తరం కొంచెం పొడవైనా పూర్తిగా చదవమని కోరుతున్నాను.

కాయం నుంచి గాయం అనే ఊహ ఎందుకు కలుగుతుందో గ్రహించడం కష్టం కాదు. రెండింటికీ మొదటి అక్షరంలోనే తేడా. పైగా తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ కలిపి ఒకటే అక్షరం ఉండడం వల్ల, శరీరమనే కాయాన్నీ దెబ్బ అనే గాయాన్నీ తమిళులు ఒకే తీరున రాస్తారు. ఇంగువకు కూడా అక్కడ అదే రాత. ఆ మాటలు ఒకచోట కలవడానికి లిపి కారణం. వాటి పుట్టుకలు వేరు. ఇక కకారం గకారమయ్యే విషయం. ‘వాడు కొట్టె’ అనేది ‘వాడు గొట్టె’ కావడం మన వ్యాకరణాల్లో ఉన్నదే. అయితే అలా మారాలంటే ముందు ఇంకొక పదం ఉండాలి. పదం ఒంటరిగా నిలిచినప్పుడు, అందులోనూ సంస్కృతం నుంచి దిగివచ్చిన పదాల్లో, మొదటి కకారం సాధారణంగా కదలదు. కావ్యం కబ్బమైంది, కార్యం కర్జమైంది, కాంస్యం కంచు అయింది. ఇన్ని మార్పుల్లోనూ మొదటి అక్షరం కకారంగానే నిలిచింది. కాయమొక్కటే గాయమైందనడానికి ఆధారం కనిపించదు.

గాయానికి మూలం ‘ఘాతం’. ఈ మార్పు నేరుగా తెలుగులో జరిగింది కాదు, ప్రాకృతంలో జరిగింది. రెండు అచ్చుల నడుమ ఒంటరిగా ఉన్న క, గ, చ, జ, త, ద, ప, య, వ అనే హల్లులు ప్రాకృతంలో తరచుగా లోపిస్తాయని వరరుచి తన ప్రాకృత వ్యాకరణంలో సూత్రం చేశాడు. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు దాదాపు అవే మాటలతో అదే సూత్రం చెప్పి, అలా హల్లు పోయినచోట మిగిలిన అకారం ముందు తేలికైన యకారం వినిపిస్తుందని మరొక సూత్రం చేర్చాడు. ఘాతలోని తకారం పోతే ‘ఘాఅ’ మిగులుతుంది. రెండు అచ్చులు పక్కపక్కనే పడితే పలకడం ఇబ్బంది కనుక మధ్యలో యకారం వచ్చి ‘ఘాయ’ అవుతుంది. మనం ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ అనడంలో జరిగేదీ ఇటువంటిదే. ఆ ఘాయ తెలుగులోకి వచ్చాక ఒత్తును వదిలి, మువర్ణకం, అంటే చివర ‘ము’ అనే ప్రత్యయం, చేర్చుకుని గాయము అయింది.

ఒక్క మాటను చూపించి సూత్రం నిలబెట్టకూడదు కాబట్టి తోడు మాటలు చెబుతాను. ‘ఘటిక’ నుంచి వచ్చిన ‘గడియ’ను చూడండి. మొదట ఉన్న ఘకారం ఒత్తు పోగొట్టుకుని గకారమైంది. చివర ఉన్న కకారం పోయి ఆ చోట యకారం నిలిచింది. గాయంలో జరిగిన రెండు మార్పులూ గడియలో కూడా జరిగాయి. ‘రాజ’ శబ్దంలోని జకారం పోయి యకారం వస్తే ‘రాయ’. కృష్ణదేవరాయల పేరు చివర మనం గౌరవంగా పలికే రాయలు అదే. ఒత్తులు వదలడానికైతే ఉదాహరణలు వెతుక్కోనక్కరలేదు: ఘంట గంట అయింది, భిక్షం బిచ్చమైంది. ఇరుగుపొరుగు భాషలు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. కన్నడంలో ‘గాయ’ ఉంది. మరాఠీలో ‘ఘాయ’ ఉంది. హిందీలో గాయాన్ని ‘ఘావ్’ అంటారు, గాయపడినవాణ్ణి ‘ఘాయల్’ అంటారు. అక్కడ ఒత్తు ఇంకా పోలేదు. కాయమే మూలమై ఉంటే హిందీలో, మరాఠీలో ఆ ఘకారం ఎక్కడి నుంచి ఊడిపడినట్లు? ఈ ఒక్క ప్రశ్నకు మీ వ్యాసకర్త సమాధానం చెప్పగలిగితే నేను నా ఉత్తరాన్ని వెనక్కు తీసుకుంటాను.

ఇక ఘాతం అంటే ఏమిటి? సంస్కృతంలో ‘హన్’ ధాతువుకు కొట్టడం, చంపడం అని అర్థాలు. హతం, హత్య, హననం ఆ ధాతువు నుంచి వచ్చినవే. కొన్ని రూపాల్లో ధాతువులోని హకారం ఘకారమవుతుంది. అందువల్లనే శత్రువులను చంపేవాడు శత్రుఘ్నుడయ్యాడు, చేసిన మేలును చంపుకొనేవాడు కృతఘ్నుడయ్యాడు. ఘాతం కూడా ఆ ఘకారంతోనే వచ్చింది. దాని మొదటి అర్థం కొట్టడం, లేదా కొట్టిన దెబ్బ. ఆ దెబ్బ వల్ల ఒంటి మీద మిగిలిన గుర్తు కాదు. ఘాతకుడు, ఘాతుకం, విశ్వాసఘాతం, విఘాతం, ఆఘాతం, చివరికి పుస్తకాల మొదట్లో కనిపించే ఉపోద్ఘాతం వరకు అన్నీ ఒక ఇంటివే. మీ పత్రికలో ‘విద్యుదాఘాతానికి గురై గాయపడ్డాడు’ అనే వాక్యం తరచుగా వస్తూ ఉంటుంది. ఆ వాక్యంలో ఒకే మాట రెండుసార్లు ఉంది. ఒకసారి సంస్కృతంలో ఉన్నట్టే వచ్చింది, మరొకసారి ప్రాకృతం మీదుగా మారి వచ్చింది. రాసినవారికీ చదివినవారికీ ఆ సంగతి తెలియనంతగా అవి ఒకదానికొకటి దూరమయ్యాయి. ఇదే ప్రమాదాన్ని జనం ‘కరెంటు షాక్ కొట్టింది’ అంటారు. అక్కడా కొట్టడమే ఉంది.

కొట్టడానికి పేరైన మాట కొట్టగా మిగిలినదానికి పేరు కావడం వింత కాదు. మన ‘దెబ్బ’లో ఈ రెండు అర్థాలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. ‘కర్రతో ఒక దెబ్బ కొట్టాడు’ అన్నప్పుడు దెబ్బ అంటే కొట్టడం. ‘దెబ్బ ఇంకా మానలేదు’ అన్నప్పుడు అదే దెబ్బ ఒంటి మీద ఉన్న పుండు. ‘దెబ్బ తగిలింది’ అనే మాట ఈ రెండింటి నడుమా వంతెనలా నిలిచింది. తగలడమంటే తాకడం. తాకింది దెబ్బ, తాకిన తరువాత మిగిలిందీ దెబ్బే. హిందీలోని ‘చోట్’ అచ్చంగా ఇటువంటిది. వాళ్లు ‘చోట్ లగీ’ అంటారు, మనం ‘దెబ్బ తగిలింది’ అంటాం. ‘లగ్‌నా’ అన్నా తగలడమే. పారశీకంలోని ‘జఖ్మ్’ దెబ్బకూ పుండుకూ కూడా పేరే. ‘ప్లేగు’ అనే రోగం పేరు సైతం దెబ్బ, గాయం అని అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఎక్కడి మనిషైనా ఒంటి మీది గాటును చూడగానే అది దేనివల్ల అయిందో తలచుకుంటాడు కాబోలు, ఇన్ని భాషలు ఒకే దారి పట్టాయి.

దెబ్బకూ గాయానికీ ఇప్పుడున్న తేడాను చిన్న పరీక్షతో చూడవచ్చు. ‘దెబ్బ కొట్టాడు’ అంటాం. ‘గాయం కొట్టాడు’ అనము. ‘గాయం చేశాడు’ అంటాం. ‘దెబ్బ చేశాడు’ అనము. అంటే, కొట్టడమనే అర్థం గాయం నుంచి పూర్తిగా జారిపోయి, ఫలితం మాత్రమే మిగిలింది. దెబ్బ మాత్రం రెండింటినీ వదలలేదు. ఎండాకాలంలో వచ్చే వడదెబ్బలో కొట్టేది వేడిగాలి. ఒంటి మీద ఏ గుర్తూ ఉండదు. అందుకే దాన్ని వడగాయం అనలేం. దొంగదెబ్బ, చావుదెబ్బ, దెబ్బతిన్న పంట, దెబ్బతిన్న రోడ్డు మొదలైన వాటిలో గాయం ఇమడదు. మరోవైపు ‘మనసుకు గాయమైంది’ అనడంలో ఉన్న నొప్పి ‘మనసు దెబ్బతింది’ అనడంలో అంతగా పలకదు. ఫలితం చాలాకాలం ఉంటుందని చెప్పడానికి గాయమే తగిన మాట.

ఇప్పుడు ‘గాయం తగిలింది’ అనే వాక్యం దగ్గరకు వస్తాను. ఒకరోజు విరామ సమయంలో పిల్లలు పరుగెత్తుతూ ఉండగా ఏడో తరగతి అబ్బాయి ఒకడు వరండా మెట్టు అంచుకు కాలు తన్నుకుని కూలబడ్డాడు. నేను వెళ్లేసరికి ఎడమ కాలి బొటనవేలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. చేతులు తీయిస్తే, గోరు కొస లేచి, దాని కింద చిన్న చుక్కలా నెత్తురు ఊరుతోంది. చుట్టూ ఉన్న చర్మం అప్పుడప్పుడే ఎర్రబడుతోంది. ఏమైందని అడిగితే, ‘ఎదురుదెబ్బ తగిలింది సార్’ అన్నాడు. అంతకంటే సరైన మాట నిఘంటువు తిరగేసినా దొరకదు. మర్నాడు వాళ్ల అన్నయ్య చేత పంపిన సెలవుచీటీలో మాత్రం, ‘నా కాలికి గాయం తగిలినందున రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన’ అని రాశాడు. నోటితో అంత చక్కగా చెప్పిన పిల్లవాడు, కాగితం మీదకు వచ్చేసరికి దెబ్బ అనే మాట తక్కువదనుకుని గాయాన్ని తెచ్చుకున్నాడు. క్రియను మాత్రం తన నోటి నుంచే తీసుకున్నాడు. నేను ఎర్ర సిరాతో ‘తగిలినందున’ను కొట్టివేసి ‘అయినందున’ అని దిద్దాను. అప్పటికి గాయానికి మూలం ఘాతమని నాకు తెలియదు. తెలిసి ఉంటే, గాయమనే మాటకు పుట్టుకతో ఉన్న అర్థం కొట్టిన దెబ్బేననీ, దెబ్బ తగిలినట్టే ఒకప్పటి గాయమూ తగలగలిగేదేననీ, ఈనాటి వాడుక మాత్రం వేరుగా స్థిరపడిందనీ వాడికి చెప్పి దిద్దేవాణ్ణి. దిద్దడం తప్పు కాదు. కారణం చెప్పకుండా, పిల్లవాడి నోటిలోని మాట తక్కువదన్నట్టుగా దిద్దడం మాత్రం తప్పేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

గాయం రాకముందు మనం ఏమనేవాళ్లమన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. నాకు తోచిన సమాధానం ‘పుండు’. తమిళంలో ‘పుణ్’, మలయాళంలో ‘పుణ్ణు’, కన్నడంలో ‘హుణ్ణు’ ఉన్నాయి. మన పాలు కన్నడంలో హాలు, మన పులి హులి అయినట్టే ఈ మాటలోనూ పకారం హకారమైంది. ఇన్ని సోదర భాషల్లో ఉన్నది గనుక అది చాలా పాత మాట. తమిళంలో ఆ మాట ఆయుధం వల్ల అయిన గాయానికీ, తనంత తాను పుట్టిన పుండుకూ చెల్లుతుంది. తెలుగులో పుండు అంటే ఇప్పుడు మానకుండా చీముపట్టినదే గుర్తుకు వస్తుంది. గాయం వచ్చి కొత్తగా తెగినదాని చోటు తీసుకుంటే, పుండు ముదిరినదాని వైపు జరిగి ఉంటుందని నా అభిప్రాయం. ‘పుండు మీద కారం చల్లడం’ అనే పలుకుబడిలో మాత్రం పాత విస్తృతి ఇంకా వినిపిస్తుంది. ఒక సంగతి ఇక్కడే చెప్పాలి: పరాయిది గనుక గాయాన్ని విడిచిపెట్టాలని నేను అనడం లేదు. అచ్చతెలుగులో కావ్యాలు రాసిన కవులు సంస్కృతంలో ఉన్నట్టే వచ్చిన తత్సమాలను వదిలారే గాని, మారి వచ్చిన తద్భవాలను వదలలేదు. వారి లెక్క ప్రకారం కూడా గాయం మన మాటే.

నా అసలు బాధ వేరే ఉంది. చిన్న దెబ్బలన్నిటినీ ఈ ఒక్క గాయం మింగివేస్తోంది. పడిన మనిషి దగ్గరకు పరుగెత్తి ఎవరైనా మొదట అడిగేది ‘దెబ్బలేమీ తగల్లేదు కదా?’ అనే. ‘గాయాలేమైనా అయ్యాయా?’ అని అడిగేవారిని నేను చూడలేదు. ఆ తరువాత ఏం జరిగిందో చెప్పడానికి తెలుగువాడికి ఎన్ని మాటలున్నాయో చూడండి. గరుకు నేల మీద జారితే మోచెయ్యి దోక్కుపోతుంది. ముల్లు కొస తగిలితే గీరుకుపోతుంది, లోపలికి దిగితే గుచ్చుకుంటుంది. కత్తి జారితే వేలు తెగుతుంది, లేదా గాటు పడుతుంది. తలుపు సందున పడితే వేలు నలుగుతుంది. గుమ్మానికి కొట్టుకుంటే నుదుట బొప్పి కడుతుంది, మరీ గట్టిగా తగిలితే నుదురు చిట్లుతుంది. చర్మం పైకి ఏమీ కాకుండా లోపల నెత్తురు గడ్డకడితే కమిలిపోతుంది. బెత్తం తగిలినచోట వాత తేలుతుంది. అడుగు వంకరగా పడితే మడమ బెణుకుతుంది. కొత్త చెప్పు కరుస్తుంది. వేడి తగిలితే బొబ్బ ఎక్కుతుంది. వీటిలో బొప్పి, గాటు, వాత, బెణుకు, బొబ్బ వంటి కొన్నిటికే నామవాచకాలున్నాయి. మిగిలినవన్నీ క్రియలే. అంటే మన భాష దెబ్బను ఒక వస్తువుగా చూడటం కంటే ఒంటికి జరిగిన పనిగా చూడటానికి ఎక్కువ అలవాటుపడింది. ‘స్వల్ప గాయం’ అనగానే ఆ పని మాయమైపోతుంది.

ఇంత సూక్ష్మంగా చెప్పడం పల్లెటూరి అలవాటనీ, శాస్త్రానికి ఒక్క మాట చాలుననీ ఎవరైనా అనుకుంటే, ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుత సంహితను గుర్తు చేయాలి. బయటి నుంచి తగిలిన దెబ్బలతో అప్పటికప్పుడు అయ్యే గాయాలను సుశ్రుతుడు సద్యోవ్రణాలని పేరు పెట్టి ఆరు రకాలు చెప్పాడు: ఛిన్నం, భిన్నం, విద్ధం, క్షతం, పిచ్చితం, ఘృష్టం. ఛిన్నమంటే తెగినది, విద్ధమంటే గుచ్చుకున్నది, పిచ్చితమంటే నలిగినది, ఘృష్టమంటే ఒరుసుకుని చర్మం లేచిపోయినది. మన దోక్కుపోవడం ఘృష్టమే. ఎందుకు విడివిడిగా చెప్పాడంటే, చికిత్స విడివిడిగా ఉంటుంది కనుక. నలిగినదానికి చేసేది తెగినదానికి చేయరు. మీరు వార్తల్లో వాడే ‘క్షతగాత్రులు’ అనే మాటలోని క్షతం ఆ ఆరింటిలో ఒకటి మాత్రమేనని గమనించాలి. బస్సు కుదుపుకు నడుము పట్టేసిన ప్రయాణికుణ్ణి కూడా మీ విలేకరులు క్షతగాత్రుడంటున్నారు.

‘ఎదురుదెబ్బ’ మీద ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అది నడిచేవాడి కాలి వేలికి తగిలేది. ఎదురుగా ఉన్న రాయికో గడపకో కాలు తన్నుకుంటే తగిలే దెబ్బ కనుక ఎదురుదెబ్బ. అందులో కొట్టేవాడు ఎవడూ లేడు. మనమే వెళ్లి తన్నుకుంటాం. బయలుదేరగానే ఎదురుదెబ్బ తగిలితే కాసేపు కూర్చుని వెళ్లమని పెద్దలు అనడం వల్ల, తలపెట్టిన పనికి ఆటంకమనే అర్థం కూడా దానికి సహజంగానే వచ్చి ఉంటుంది. ‘ఎన్నికల్లో ఎదురుదెబ్బ తగిలింది’, ‘న్యాయస్థానంలో ఎదురుదెబ్బ తగిలింది’ అనే మీ శీర్షికలు ఆ అర్థం మీదనే నిలిచాయి. అందులో నాకు అభ్యంతరం లేదు. కాని ఈ మధ్య ‘ప్రత్యర్థికి ఎదురుదెబ్బ కొట్టారు’ అని కూడా రాస్తున్నారు. అది ఎదురుదాడి అవుతుంది గాని ఎదురుదెబ్బ కాదు. పత్రికల్లో ఆ అర్థమే చదివి పెరిగిన పిల్లలకు, కాలి వేలికి తగిలినప్పుడు చెప్పడానికి మాట లేకుండా పోతోంది.

‘స్వల్ప’, ‘తీవ్ర’ అనే విశేషణాలను వాడేటప్పుడు కూడా కొంత జాగ్రత్త కావాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 114వ సెక్షన్ ప్రకారం ఒకరి ఒంటికి నొప్పి కలిగించడం కూడా గాయపరచడమే. నెత్తురు కనిపించాలన్న నియమం లేదు. 116వ సెక్షన్ తీవ్రమైన గాయాలను ఎనిమిది రకాలుగా చెప్పింది. ఎముక గాని పన్ను గాని విరగడం, లేదా చోటు తప్పడం వాటిలో ఒకటి. గాయపడిన మనిషి పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడటం, లేదా అన్ని రోజులు తన మామూలు పనులు చేసుకోలేకపోవడం కూడా అందులోకే వస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఈ గడువు ఇరవై రోజులు ఉండేది. కొద్ది రోజుల కిందట మీ పత్రికలోనే, ఒక ప్రమాదంలో ‘నలుగురికి స్వల్ప గాయాలు’ అని శీర్షిక పెట్టి, లోపల ఒకరికి చెయ్యి విరిగిందని రాశారు. చెయ్యి విరిగిన మనిషి ఇంట్లోవాళ్లు ఆ శీర్షిక చదివితే ఎలా ఉంటుందో ఒకసారి తలచుకోండి. ‘ఒకరికి చెయ్యి విరిగింది, ముగ్గురికి చిన్న దెబ్బలు తగిలాయి’ అని రాస్తే చోటు పెద్దగా పెరగదు, జరిగింది జరిగినట్టు తెలుస్తుంది. ఏం జరిగిందో తెలిసినప్పుడు దాన్నే రాయడం, తెలియనప్పుడు ‘దెబ్బలు తగిలాయి’ అనడం, చర్మం తెగి నెత్తురు వచ్చినప్పుడు గాయమనడం మీ విలేకరులకు అసాధ్యమైన పని కాదని నా నమ్మకం.

మీ శీర్షిక చదివి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు; నేనూ అలా చెప్పినవాణ్ణే. కాయం గాయమైందని వాళ్లు నల్లబల్ల మీద రాయకముందే, గాయం ‘ఘాతం’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవమని వచ్చే ఆదివారం ఒక సవరణ ప్రచురించండి. ‘గాయం తగిలింది’ పక్కన ‘శుద్ధ తప్పు’ అనే మాట తీసివేసి, ‘నేటి వాడుకలో లేదు, దెబ్బ తగిలింది అనాలి, లేదా గాయమైంది అనాలి’ అని వేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు